వద్దన్నవారి చరిత్ర

మా పెదమావయ్య తబలా వాయించేవారు. తెనాలి చుట్టుపట్ల పద్యనాటకాలాడే సమాజాలకు దాదాపు ముప్పై ఏళ్ళపాటు ఆయనే తబలా. నాటకం ముందు రోజున ఊళ్ళో పంచే కరపత్రాల మీద కృష్ణుడి పేరు పెద్దక్షరాలలో ఉండేది. అర్జునుడి పేరు కాస్త చిన్నక్షరాలలో ఉండేది. హార్మోనిస్టు పేరు కూడా అడుగున ఒక పంక్తిలో ఉండేది. తబలా దగ్గరకు వచ్చేసరికి మాత్రం "తబలా వగైరా స్థానికులు" అని వేసేవారు. చిన్నతనంలో నేను ఆ కరపత్రాలు ఏరి తెచ్చి, "మావయ్యా, ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగితే, ఆయన నవ్వి "వగైరాలో ఉన్నానురా" అనేవారు.

ఆయనకు హిందీ రాదు. అయినా రేడియోలో "పాకీజా" పాటలు వస్తే చేతిలో పని ఆపి వినేవారు. ఆ పాటలు కట్టిన గులామ్ మహమ్మద్ కూడా మొదట తబలా, ఢోలక్ వాయించినవాడేనని నాకు చెప్పింది ఆయనే. ఒకసారి ఇంకో మాట కూడా చెప్పారు. "ఆ ఏడు ఫిల్మ్‌ఫేర్ వాళ్ళు ఆయనకు ఇవ్వలేదురా. ఇవ్వలేదని అడిగిన మగాడు ఒక్కడే, ప్రాణ్. తనకిచ్చింది కూడా వద్దన్నాడు."

ఆ మాట చాలా ఏళ్ళు నాలో అలాగే ఉండిపోయింది. హిందీ చలనచిత్రాలకు ఏటా జరిగే ఆ పురస్కారోత్సవం గురించి వచ్చే రాతలన్నీ ఎవరికి ఎన్ని వచ్చాయన్న లెక్కలే. నాకు మాత్రం ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు అన్నదే అసలు చరిత్ర అనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందుగా పుట్టుక సంగతి. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1952లో "ఫిల్మ్‌ఫేర్" పత్రికను ప్రారంభించింది. రెండేళ్ళకు, 1954 మార్చి 21వ తేదీన, బొంబాయి మెట్రో థియేటర్‌లో తొలి పురస్కారాల సభ జరిగింది. అప్పటికి కొద్దికాలం క్రితమే మరణించిన టైమ్స్ పత్రిక చిత్ర విమర్శకురాలు క్లేర్ మెండోన్సా పేరు మీద తొలుత వాటిని "క్లేర్స్" అని పిలిచారు. ఈనాడు ఆ పేరు ఎవరికీ గుర్తు లేదు. ఒక విమర్శకురాలి స్మృతితో మొదలైన సంప్రదాయంలో మొదట మరుగున పడిన పేరు ఆ విమర్శకురాలిదే కావడం ఆలోచించవలసిన విషయం.

ఆ సభలో ఇచ్చినవి అయిదే అయిదు పురస్కారాలు. ఉత్తమ చిత్రం "దో బీఘా జమీన్", ఉత్తమ దర్శకుడు దాన్ని తీసిన బిమల్ రాయ్, ఉత్తమ నటుడు "దాగ్" చిత్రానికి దిలీప్ కుమార్, ఉత్తమ నటి "బైజూ బావరా"కు మీనా కుమారి, ఉత్తమ సంగీత దర్శకుడు అదే చిత్రానికి నౌషాద్. ఈ పేర్లు చూస్తే వంక పెట్టడానికేమీ కనిపించదు. ఎంపిక చేసింది పండితులు కారు, పాఠకులు. ఇరవై వేలకు పైగా పాఠకులు ఓట్లు పంపారు. సార్వత్రిక ఎన్నికలు జరిగి అప్పటికి రెండేళ్ళే అయింది. ఓటు అనేది జనానికి కొత్త ముచ్చటగా ఉన్న కాలం. అదే 1954లో కేంద్ర ప్రభుత్వం కూడా జాతీయ పురస్కారాలను ప్రారంభించింది. తొలి స్వర్ణ పతకం మరాఠీ చిత్రం "శ్యామ్‌చీ ఆయీ"కి వెళ్ళింది. "దో బీఘా జమీన్"కు యోగ్యతా పత్రం దక్కింది. ఒకచోట ప్రభుత్వం నియమించిన సంఘం తీర్పు, మరొకచోట జనం తీర్పు. రెండూ ఒకే ఏడాది పుట్టాయి. కొద్ది కాలంలోనే ఫిల్మ్‌ఫేర్ వారు పాఠకుల ఓటుకు తోడు నిపుణుల సంఘాన్ని కూడా చేర్చారు.

ఇక ఆ విగ్రహం. చేతులు పైకెత్తి నాట్య భంగిమలో నిలబడ్డ నల్లని స్త్రీ మూర్తి. అందరూ "బ్లాక్ లేడీ" అంటారు. దాన్ని మలచినవారు శిల్పి ఎన్.జి. పన్సారే. పర్యవేక్షించినవారు అప్పట్లో టైమ్స్ సంస్థకు కళా దర్శకుడిగా ఉన్న వాల్టర్ లాంగ్‌హామర్. ఈయన ఆస్ట్రియా దేశస్థుడు. నాజీల బెడద నుండి తప్పించుకొని బొంబాయి చేరి, రజా, ఆరా వంటి యువ చిత్రకారులకు అండగా నిలిచినవాడు. ప్రతి ఏడాదీ తారలు ముద్దు పెట్టుకొని ఫోటోలు దిగే ఆ బొమ్మ వెనుక ఒక శరణార్థి పర్యవేక్షణ ఉన్నదన్న సంగతి ఎంతమందికి తెలుసు?

* * *

మొదటి "వద్దు" త్వరలోనే వినిపించింది. 1957లో జరిగిన నాలుగవ ఉత్సవంలో ఒకటి కాదు, రెండు వినిపించాయి.

బిమల్ రాయ్ తీసిన హిందీ "దేవదాస్"లో చంద్రముఖిగా వేసిన వైజయంతిమాలకు ఉత్తమ సహాయనటి పురస్కారం ప్రకటించారు. ఆమె తీసుకోలేదు. పార్వతి పాత్ర వేసిన సుచిత్రా సేన్‌కు తాను సహాయనటిని కానని, రెండూ సమానమైన నాయిక పాత్రలేనని ఆమె వాదన. మన తెలుగువారికి ఈ వాదన తేలికగా అర్థమవుతుంది. 1953 నాటి వేదాంతం రాఘవయ్యగారి "దేవదాసు" చూసినవారెవరైనా సావిత్రి పార్వతిని తలచుకొన్న వెంటనే లలిత చంద్రముఖిని తలచుకోకుండా ఉండలేరు. శరత్ నవలలో చంద్రముఖి ఎవరికి సహాయం? పార్వతికా? ఆమె కథ ఆమెదే. "సహాయ" అన్న విభాగం అప్పటికి రెండేళ్ళ క్రితమే పుట్టింది. పాత్రలను ఎక్కువ, తక్కువలుగా పంచే ఆ గీత ఎవరు గీశారని మొదట అడిగింది ఒక నటి. అడిగినందుకు ఆమె నష్టపోలేదు. తరువాత "సాధనా", "గంగా జమునా", "సంగం" చిత్రాలకు ఉత్తమ నటి పురస్కారాలు అందుకొన్నారు.

ఆ ఏడాదే రెండవ "వద్దు" లతా మంగేష్కర్‌ది. "చోరీ చోరీ" చిత్రానికి శంకర్ జైకిషన్‌లకు ఉత్తమ సంగీత పురస్కారం వచ్చింది. సభలో ఆ చిత్రంలోని "రసిక్ బల్మా" పాట పాడమని జైకిషన్ లతను అడిగారు. ఆమె పాడనన్నారు. పురస్కారం సంగీత దర్శకుడికి ఇస్తున్నారు కదా, గాయకులకు ఏ పురస్కారమూ లేనప్పుడు తానెందుకు పాడాలన్నది ఆమె ప్రశ్న. పాడినవారు లేకుండా ఆ పాటను వాద్యాల మీదనే వినిపించుకోవచ్చునన్నారు. అది అలక కాదు, లెక్క. పాట ముగ్గురిది. కట్టినవాడికి పేరు ఉంది. రాసినవాడికి, పాడినవారికి లేదు.

ఫలితం రెండేళ్ళలో వచ్చింది. 1959లో నేపథ్య గాయకులకు పురస్కారం ఏర్పాటయింది. "మధుమతి" చిత్రంలో సలిల్ చౌధురీ కట్టిన "ఆజారే పరదేశీ" పాటకు తొలి పురస్కారం లతకే దక్కింది. ఆ ఏడాదే గేయ రచయితలకు కూడా విభాగం ఏర్పడింది. "యహూదీ" చిత్రానికి శైలేంద్ర దాన్ని మొదటగా అందుకొన్నారు. ఆ తొలి రోజులలో స్త్రీలకు, పురుషులకు కలిపి గానానికి ఒకటే పురస్కారం. రఫీ, ముకేశ్, మహేంద్ర కపూర్, లత అందరూ ఒకే పీటకు పోటీ పడేవారు. 1968 నుండి దాన్ని రెండుగా చేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సాధించుకొన్న పురస్కారాన్ని లత శాశ్వతంగా పట్టుకొని కూర్చోలేదు. 1970లో, ఇకపై తన పేరును పరిశీలనకు తీసుకోవద్దని, కొత్తవారికి ఇవ్వమని ఆమె కోరారు. మరుసటి ఏడాది పురస్కారం శారద అనే కొత్త గొంతుకు వెళ్ళింది. 1979 తరువాత ఆశా భోస్లే కూడా అక్క బాటనే పట్టారు. తలుపు తెరిపించడం ఒక పని. తెరిచిన తలుపు దగ్గర నుండి తాను పక్కకు తప్పుకోవడం ఇంకో పని. లతలో ఆ రెండూ ఉన్నాయి.

మన దగ్గర మాటేమిటి? దక్షిణాది చిత్రాలకు కూడా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు 1960లలోనే వచ్చాయి. మొదట ఉత్తమ చిత్రానికి, డెబ్భైల ఆరంభం నుండి దర్శకులకు, నటీనటులకు. కానీ గాయకుల విభాగం లేదు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల మాస్టారు కన్నుమూసేనాటికి తెలుగులో ఆ పాటకు ఆ పీట వేయలేదు. బొంబాయిలో ఒక గాయని పాడనని భీష్మించి సాధించుకొన్నది పదిహేనేళ్ళు గడిచినా మద్రాసుకు చేరలేదన్న మాట. మన గాయకులకు వినయం ఎక్కువైందా, అడగడం తెలియలేదా అన్నది నేను తేల్చలేను. పురస్కారం లేనంత మాత్రాన ఘంటసాల పాట తగ్గలేదు, నిజమే. కానీ "పేరెందుకులే" అని పెద్దలు ఊరుకొన్నచోట చిన్నవారి పేర్లు అసలే రావు. మా మావయ్య "వగైరా" అయినది అటువంటి ఊరుకోవడాల వల్లనే.

* * *

ఇప్పుడు మావయ్య చెప్పిన సంగతికి వస్తాను.

గులామ్ మహమ్మద్ బికనీర్ ప్రాంతం నుండి వచ్చిన తాళవాద్యకారుడు. ఏళ్ళ తరబడి నౌషాద్‌కు సహాయకుడిగా పనిచేశారు. నౌషాద్ పాటలలో వినిపించే తబలా, ఢోలక్ నడకలలో ఆయన చేయి ఉన్నది. తరువాత సొంతంగా సంగీతం చేసినా పేరుకు తగినన్ని అవకాశాలు రాలేదు. కమాల్ అమ్రోహీ "పాకీజా" చిత్రాన్ని యాభైల చివరలో తలపెట్టారు. చిత్రం పూర్తి కావడానికి పదిహేనేళ్ళకు అటూ ఇటుగా పట్టింది. ఈలోగా అమ్రోహీ, మీనా కుమారి దంపతులు విడిపోయారు. ఆమె ఆరోగ్యం చెడింది. 1968లో గులామ్ మహమ్మద్ మరణించారు. మిగిలిన నేపథ్య సంగీతాన్ని ఆయన గురువు వంటి నౌషాద్ పూర్తిచేశారు. 1972 ఫిబ్రవరిలో చిత్రం విడుదలైంది. మార్చి 31వ తేదీన మీనా కుమారి కన్నుమూశారు. ఆ పాటలు దేశమంతా మారుమోగుతున్నప్పుడు వాటిని కట్టినవాడూ లేడు, తెర మీద వాటికి ఆడిన మనిషీ లేదు.

1973లో ఇరవయ్యవ ఫిల్మ్‌ఫేర్ ఉత్సవం. సంగీతానికి గులామ్ మహమ్మద్, నటనకు మీనా కుమారి ఇద్దరూ పోటీ జాబితాలో ఉన్నారు. ఇద్దరికీ రాలేదు. ఉత్తమ నటి పురస్కారం "సీతా ఔర్ గీతా"కు హేమమాలిని అందుకొన్నారు. "బేఈమాన్" అనే చిత్రం ఉత్తమ చిత్రంతో సహా ఏడు పురస్కారాలు ఎత్తుకుపోయింది. శంకర్ జైకిషన్‌ల సంగీతం కూడా అందులో ఒకటి. "పాకీజా"కు దక్కింది కళా దర్శకత్వం ఒక్కటే. "బేఈమాన్" పాటలు ఈనాడు ఎందరికి గుర్తున్నాయో, "పాకీజా" పాటలు ఎందరికి గుర్తున్నాయో మీరే చెప్పుకోండి.

చనిపోయినవారికి ఇవ్వడం ఆచారం కాదేమో అని ఎవరైనా అనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకొన్నాను. కానీ అది నిలవదు. గేయ రచయిత శైలేంద్ర 1966 డిసెంబరులో మరణించారు. 1969లో "బ్రహ్మచారి" చిత్రంలోని పాటకు ఆయనకే పురస్కారం ఇచ్చారు. అంటే నాలుగేళ్ళ ముందే దారి ఉన్నది. తరువాత 1995లో "1942: ఎ లవ్ స్టోరీ"కి, అంతకు ముందు సంవత్సరమే పోయిన రాహుల్ దేవ్ బర్మన్‌కు కూడా ఇచ్చారు. కనుక 1973లో అడ్డు వచ్చింది నియమం కాదు. అప్పటి అభిరుచి కావచ్చు, బ్రతికి ఉన్న పెద్ద పేర్ల బరువు కావచ్చు.

ఆ ఏడాది "బేఈమాన్"కు వచ్చిన ఏడింటిలో ప్రాణ్‌కు వచ్చిన ఉత్తమ సహాయనటుడి పురస్కారం ఒకటి. తెర మీద ఎన్నో ఏళ్ళు దుర్మార్గుడిగా వేసి, జనం తమ పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడానికే జంకేంతగా భయపెట్టిన నటుడు. అంతకు ముందు "ఉపకార్"కు, "ఆంసూ బన్ గయే ఫూల్"కు ఇదే పురస్కారం తీసుకొన్నాడు. ఈసారి వద్దన్నాడు. సంగీత పురస్కారం గులామ్ మహమ్మద్‌కు చెందవలసిందని, అది ఇవ్వనప్పుడు తనది తనకు అక్కరలేదని తేల్చి చెప్పాడు.

వైజయంతిమాల వద్దన్నది తన పాత్ర కోసం. లత వద్దన్నది తన వృత్తి కోసం. ఆ రెండూ గౌరవించదగినవే. కానీ ప్రాణ్‌కు "పాకీజా"తో ఏ సంబంధమూ లేదు. గులామ్ మహమ్మద్ పోయి అప్పటికి అయిదేళ్ళు. ఆయన కృతజ్ఞత చెప్పుకోలేడు, తిరిగి ఉపకారం చేయలేడు. పైగా ప్రాణ్ ధిక్కరించింది తాను నటించిన చిత్రానికి వచ్చిన పురస్కారాన్నే. తన చిత్రం గెలిచిన రోజున అది తప్పుగా గెలిచిందని చెప్పడానికి ఎంత నిజాయితీ కావాలి! "బేఈమాన్" అంటే నిజాయితీ లేనివాడని అర్థం. విధి ఒక్కొక్కప్పుడు శీర్షికలతో కూడా ఆడుకొంటుంది. ప్రాణ్‌కు 2013లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందింది. ఆ ఏడే జులైలో ఆయన మరణించాడు. ఆయనకు వచ్చిన అన్ని పురస్కారాలకంటే ఆయన తీసుకోని ఆ ఒక్కటే పెద్దదని నా నమ్మకం.

* * *

ఆ తరువాతి చరిత్ర మనకు కొంత తెలిసినదే, కనుక త్వరగా చెప్పి ముగిస్తాను. 1976లో "షోలే"కు దక్కింది ఒక్క కూర్పు పురస్కారమే. అది కూర్పరి ఎం.ఎస్. శిందేకు వెళ్ళింది. "దీవార్" ఆ ఏడు సింహభాగం తీసుకొన్నది. 2005లో యాభయ్యవ ఉత్సవం నాడు అదే సంస్థ యాభై ఏళ్ళలో ఉత్తమ చిత్రంగా "షోలే"ను నిలబెట్టింది. "బాబీ"కి తనకు వచ్చిన ఉత్తమ నటుడి పురస్కారాన్ని డబ్బిచ్చి కొన్నానని, అందుకు సిగ్గుపడుతున్నానని ఋషి కపూర్ 2017లో వచ్చిన ఆత్మకథలో తానే రాసుకొన్నాడు. 1987, 1988 సంవత్సరాలలో అసలు ఉత్సవమే జరుగలేదు. తొంభైల నుండి అది టెలివిజన్ ప్రదర్శనగా మారింది. ఆమిర్ ఖాన్ వంటివారు అటువంటి సభలకు వెళ్ళడమే మానుకొన్నారు. 2020లో గౌహతిలో "గల్లీ బాయ్" 13 పురస్కారాలతో, అంతవరకు 11తో ముందున్న "బ్లాక్" చిత్రాన్ని దాటింది. 2025లో అహ్మదాబాద్‌లో "లాపతా లేడీస్" ఆ పదమూడును అందుకొన్నది.

మనవారి పాలు కూడా ఉన్నది. ఏలూరు ప్రాంతం నుండి వెళ్ళిన ఎల్.వి. ప్రసాద్ నిర్మించిన "ఖిలౌనా" 1971లో ఉత్తమ చిత్రం. అది మన "పునర్జన్మ"కు హిందీ రూపమే. "రోజులు మారాయి"లో నాట్యంతో మనకు పరిచయమైన వహీదా రెహమాన్ "గైడ్"కు, "నీల్ కమల్"కు ఉత్తమ నటి. 1990లో "మైనే ప్యార్ కియా"కు మన బాలసుబ్రహ్మణ్యంగారు ఉత్తమ గాయకుడు. 1957లో లత పాడనని కూర్చోకపోతే ఆయన నిలబడి అందుకోవడానికి ఆ విభాగం అప్పటికైనా ఉండేదో లేదో!

పురస్కారాలు అబద్ధమని నేను అనను. ఇరవై వేల మంది ఓట్లు వేసి "దో బీఘా జమీన్"ను ఎన్నుకొన్నారంటే అది చిన్న విషయం కాదు. అయితే ఒక్క మాట. విగ్రహం ఇచ్చేవారు దానికి బరువు కొంతే పెట్టగలరు. మిగిలిన బరువు తీసుకొనేవారు, తీసుకోనివారు పెట్టాలి. వద్దనే ధైర్యం ఉన్నవాళ్ళు ఉన్నంత కాలం ఆ నల్లని బొమ్మకు విలువ ఉన్నది. ఎవరూ వద్దనని పురస్కారం వట్టి లోహం.

మావయ్య పోయిన తరువాత ఆయన పెట్టెలో తబలా సుత్తి, కొంత పిండి ముద్ద ఎండిపోయినది, ఒక కట్ట పాత కరపత్రాలు దొరికాయి. అన్నీ తిరగేశాను. ఒక్కదానిలోనూ ఆయన పేరు లేదు. మా ఊళ్ళో కృష్ణుళ్ళు, అర్జునులు చాలామందే ఉండేవారు. మంచివారే, మావయ్యంటే ఇష్టం ఉన్నవారే. కానీ "తబలా పేరు వేయకపోతే నా పేరూ వేయవద్దు" అన్నవారు ఒక్కరూ లేకపోయారు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఆ వయసులో కరపత్రం చేతిలో పట్టుకొని తిరిగిన నేనూ, అచ్చు వేయించే సమాజం వారిని ఒక్కసారి అడిగి ఉండవచ్చును. అడగలేదు.

మీ ఊళ్ళలోనూ ఇటువంటి "వగైరా"లు ఉండే ఉంటారు. హార్మోనియం వెనుక, తెర వెనుక, పాట వెనుక ఉన్నవారు. వారి పేర్లు మీకు గుర్తుంటే దయచేసి రాసి పెట్టండి.